నాయన తెచ్చిన కాగితం ముక్కలు

మా ఇంట్లో దీపావళి పిండివంటల పని రెండుగా చీలి ఉండేది. వండటం అమ్మ వంతు, కట్టడం నాయన వంతు. మురుకుల గొట్టం జీవితంలో ముట్టుకోని నాయన, పొయ్యి మీది బాణలి దిగగానే చేతులు కడుక్కుని, పంచె ఎగగట్టి, వసారాలో చాప పరిచి కూర్చునేవాడు. పక్కన కత్తెర, చెక్క స్కేలు, పురికొస ఉండ, చిన్న గిన్నెలో మైదా జిగురు. ఇక ఆ చాప మీద పిల్లలెవరూ కాలు పెట్టకూడదు.

నాయన కంపోజిటర్. తిరుపతిలో గాంధీ రోడ్డుకు ఆనుకుని ఉన్న సందులో ఒక చిన్న ప్రెస్సు ఉండేది. 1970ల చివరి మాట ఇది. గళ్లగళ్ల కేసుల్లోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, స్టిక్కులో పేర్చి, దారంతో బిగించి ట్రెడిల్ అచ్చు మిషనుకు అందించడం ఆయన పని. ఆ ప్రెస్సుకు బిల్లు పుస్తకాలూ కరపత్రాలూ వచ్చేవి కానీ, బువ్వ పెట్టింది మాత్రం శుభలేఖలే. ముహూర్తాల కాలంలో కటింగ్ మిషను కింద పసుపు, గులాబి, లేత ఆకుపచ్చ అట్ట ముక్కలు కుప్పలు పడేవి. వేలెడు వెడల్పువి కొన్ని, జానెడువి కొన్ని. యజమాని వాటిని చిత్తు కాగితాల కింద తూకానికి అమ్మేవాడు. అమ్మకముందు ఏరుకోవడానికి నాయనకు అనుమతి ఉండేది. శ్రావణ మాసపు పెళ్లిళ్ల ముక్కలు దీపావళికి, మార్గశిరంలోవి సంక్రాంతికి, మాఘ ఫాల్గుణాలవి ఉగాదికి. మా ఇంటి అటక మీద ఎవరెవరి పెళ్లిళ్ల అంచులో కట్టలు కట్టి ఉండేవి.

అంత కట్టాల్సిన అవసరం ఏమిటంటారా? అప్పటి మా చిత్తూరు జిల్లాలో పలహారాలు పంచుకోవడం సంక్రాంతి కంటే దీపావళికే ఎక్కువ. అరవదేశం పక్కనే ఉండటం వల్ల అబ్బిన అలవాటు కావచ్చు. తెల్లవారుజామున తలంటి, కొత్తబట్టలు కట్టుకుని, రెండు టపాకాయలు కాల్చగానే పిల్లలందరం వీధిలోకి పలహారాలు మోసుకెళ్లాలి. పద్ధతి ప్రకారం స్టీలు గిన్నెలోనే పంపాలి. అన్ని గిన్నెల మీదా ఇంటాయన పేరో, పెళ్లినాటి తేదీయో చెక్కించి ఉన్నా పండగ వెళ్లిన వారం దాకా ఎవరి గిన్నె ఎవరింట్లో ఉందో లెక్క తేలేది కాదు. పైగా ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వరాదు. తిరుగు పలహారం లేకపోతే కనీసం గుప్పెడు చక్కెర అయినా వేసి పంపాలి.

గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టి అమ్ముకునే ఒక అవ్వ మా వీధి చివర ఒంటరిగా ఉండేది. ఒక దీపావళికి అమ్మ ఆమెకు గిన్నె నిండా నిప్పట్లు (కారపు చెక్కలు), అత్తిరసాలు (అరిసెలు) పంపింది. సాయంత్రం ఆ గిన్నె చక్కెరతో తిరిగొచ్చింది. ఆ చక్కెర కోసం అవ్వ మా పక్కింట్లోనే చేబదులు అడిగిందని మర్నాడు తెలిసింది. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాయన భోజనానికి కూర్చున్నాక మాత్రం, "ఇకమీదట ఎవరికీ గిన్నెలో పంపొద్దు. అది పలహారం పెట్టినట్టు లేదు, అప్పు పెట్టినట్టుంది" అంది. తీసుకున్నవాళ్లు తిరిగి ఇవ్వాల్సిన అవసరం లేని దాంట్లో పెట్టి ఇవ్వాలి, అలాగని దానికి డబ్బు ఖర్చు కాకూడదు. ఈ రెండు షరతులూ అమ్మవి. తక్కిన విద్య అంతా నాయనది.

పాత వార్తాపత్రికలు ఉండగా ఇంత కష్టమెందుకని మా పెదనాయన అనేవాడు. ఆ మాట వింటే నాయనకు ఒళ్లు మండేది. అచ్చు పనిలో ఉన్నవాడికి అచ్చు సిరా మీద ఉండే అపనమ్మకం ఇంకెవరికీ ఉండదు. మధ్యాహ్నం ఇంటికొస్తే ముందు కిరసనాయిలుతో, తర్వాత బట్టల సబ్బుతో చేతులు తోముకుని గానీ కంచం ముందు కూర్చునేవాడు కాడు. సీసం ముట్టుకున్న చేతులు మరి. అచ్చు సిరాలో ఉండేది మసి, నూనె. నూనె వంట తగిలితే ఆ మసి కాగితాన్ని వదిలి వంటకు పడుతుందని చెప్పేవాడు. ఒకసారి రుజువు కూడా చూపించాడు. వేడి నిప్పట్టు ఒకటి తీసి పేపరు మీద అదిమిపెట్టి, కాసేపాగి తిరగేశాడు. లేత బూడిదరంగులో అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపించాయి. పెదనాయన కళ్లజోడు సవరించుకుని చదవబోయి వదిలేశాడు. నాయన గడగడా చదివేశాడు, సీసపు అక్షరాలన్నీ తిరగబడే ఉంటాయి కదా! ఏదో సిమెంటు రేటు గురించిన వార్త అది. ఆ నిప్పట్టు ఎవరూ తినలేదు.

తినే వస్తువులను వార్తాపత్రికల్లో చుట్టవద్దని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016 డిసెంబరులో హెచ్చరించింది. 2018లో ప్యాకేజింగ్ నిబంధనల్లోనే ఆ నిషేధాన్ని చేర్చింది. 2023లో మళ్లీ గుర్తుచేయాల్సి వచ్చింది. అప్పటికి నాయన లేడు. ఉంటే ఆ వార్త కత్తిరించి పెదనాయనకు పోస్టులో పంపి ఉండేవాడు.

జిగురు విషయంలో ఇంకా పట్టింపు. ప్రెస్సులో బైండింగుకు వాడే మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. పుస్తకాలను పురుగులూ బొద్దింకలూ కొట్టకుండా అది కాపాడుతుంది. కడుపులోకి పోతే మాత్రం విషం. అందుకని ప్రెస్సులో డబ్బాల నిండా జిగురు ఉన్నా దాన్ని గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. పండగ పొట్లాలకు అమ్మ విడిగా, ఉప్పు కూడా వేయకుండా, పిడికెడు మైదాతో ఉడికించేది. చాలకపోతే అన్నం మెతుకులే. మెతుకు పెట్టి బొటనవేలితో నొక్కి సాగదీస్తే అట్టకు అట్ట కరుచుకుని ఉంటుంది, విప్పాలంటే చించాల్సిందే. ఇప్పటికీ కవరు అంటించడానికి నాకు మెతుకే గుర్తొస్తుంది, కానీ చూసేవాళ్లు నవ్వుతారని మానేశాను.

అసలు నాయన పనితనమంతా జిగురు అవసరం లేని మడతల్లో ఉండేది. నిప్పట్లను కొలిచినట్టు ఒకదాని మీద ఒకటి పేర్చి, చుట్టూ రెండు అట్ట పట్టీలు అడ్డంగా నిలువుగా వేసి, పైన కొసలు ఒకదాంట్లో ఒకటి దూర్చేవాడు. పైనుంచి చూస్తే పసుపు పట్టీ మీద గులాబి పట్టీ, నాలుగు వైపులా నిప్పట్ల అంచులు. వేలెడు ముక్కలను చాప అల్లికలో అల్లి, నాలుగు పక్కలా పైకి మడిచి చిన్న తట్టలు చేసేవాడు. కజ్జికాయలు వాటిలోకి. బొరుగు (మరమరాల) ఉండలకు మామూలు శంకువు పొట్లమే, కాకపోతే మూతి దగ్గర కాగితాన్ని చిన్నచిన్న కుచ్చులుగా మడిచేవాడు. అట్టముక్క వెనకవైపు ఒక్కోసారి సగం తెగిన అక్షరాలు ఉండేవి. ఎవరి పేరో సగం, ఏదో ముహూర్తం సగం. అచ్చు ఉన్న వైపు బయటికి, తెల్ల వైపు లోపలికి రావాలి. అయినా సరే తిండి నేరుగా అట్టకు తగలకూడదు, మధ్యలో ఆకు ఉండాలి.

ఆకు అంటే అరటాకు. పచ్చి ఆకును మడిస్తే ఈనె వెంబడి చీలిపోతుంది. అమ్మ దాన్ని ఆరిపోతున్న పొయ్యి మీద అటూ ఇటూ వాడ్చేది. వేడికి ఆకు మీది మైనపు పొర కరిగి నిగనిగలాడుతుంది, ముదురాకుపచ్చకు తిరుగుతుంది, గుడ్డలా మడత పడుతుంది. తర్వాత తడి పూర్తిగా తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే మర్నాటికి మురుకులు మెత్తబడతాయి. అత్తిరసాలకు ఆకు బాగా నప్పుతుంది. మురుకులకు అంతగా కాదు, వాటికి రెండు పొరల తెల్ల కాగితమే మేలని అమ్మ తీర్పు.

పొట్లం కట్టే దారం కూడా కొన్నాళ్లకు కొనకుండానే వచ్చింది. ఎలాగో చెబితే నవ్వుతారు. గిన్నె లేదు కనుక తిరిగి ఇవ్వాల్సిన పని లేదని ఎంత చెప్పినా పూలవ్వ వినలేదు. మరుసటి ఏడు పండగకు ముందే అరటి నార కట్ట ఒకటి తెచ్చి గుమ్మంలో పెట్టి పోయింది. పూలు కట్టేవాళ్లకు నార అంటే లెక్కే లేదు. నీళ్లలో తడిపి చీలిస్తే దారంలా వస్తుంది, తడి మీద కట్టి వదిలేస్తే ఆరి బిగుసుకుంటుంది. దానికి ముడి సరిగ్గా పడాలంటే పూలు కట్టే వేలి మెలిక తెలియాలి. అవ్వ నాయనకు నేర్పింది. అమ్మ ఓడిపోయిందనే అనుకోవాలి.

తిరుపతి ఇళ్లలో ఒక చిత్రమైన ఇబ్బంది ఉంది. అన్నిటికంటే మందంగా, నునుపుగా, నూనె పీల్చకుండా ఉండే కాగితం ప్రతి ఇంటి గోడకూ వేలాడుతూ ఉంటుంది. దేవస్థానం క్యాలెండరు. ఏడాది తిరిగాక దాన్ని తీసి ఏం చేయాలో ఎవరికీ తెలియదు. స్వామి బొమ్మ ఉన్న కాగితంలో మురుకులు చుడితే, అది చెత్తబుట్టలోకి పోతే, ఎవరి కాలి కిందో పడితే? అందుకని అవి బీరువా అరల్లో బట్టల కిందికి చేరేవి, లేదా పటం కట్టించుకునేవారు. మాకు పనికొచ్చేవి ఎరువుల కొట్టువాళ్లవి, బట్టల కొట్టువాళ్లవి. ట్రాక్టరు బొమ్మ ఉన్న నెల కాగితం కోసం మా అన్నదమ్ములు పోట్లాడుకునేవాళ్లు.

దీపావళి వచ్చేది వానల్లో. మిగతా తెలుగు జిల్లాల్లో వానలు తగ్గుముఖం పట్టే వేళకు మా చిత్తూరు, నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. బంగాళాఖాతంలో వాయుగుండం అంటే చాలు, అమ్మ చూపు మురుకుల డబ్బా మీదికి పోయేది. గాలిలో తేమ ఉన్నప్పుడు కరకరలాడే వస్తువు గంటలో సాగిపోతుంది. అందుకే ఆమె కొన్ని నియమాలు పెట్టుకుంది. వేడి పూర్తిగా చల్లారాక గానీ కట్టకూడదు. వెచ్చగా ఉండగా మూసేస్తే లోపల ఆవిరి నీరవుతుంది, మురుకులు మెత్తబడతాయి, అత్తిరసాలు బూజు పడతాయి. తీపి, కారం ఒకే పొట్లంలో పెట్టకూడదు, బెల్లపు వంటలోని చెమ్మ పక్కనున్న నిప్పట్లను చెడగొడుతుంది. అత్తిరసాలను చెక్క పలకల మధ్య నొక్కి నూనె వదిలించాక ఒక పూట గాలికి ఆరనివ్వాలి. కొబ్బరి వేసినది ఏదైనా సరే ఆ వీధి దాటి పోకూడదు, రెండు రోజుల సరుకు అది. దూరం వెళ్లేవాళ్ల కోసం వేరుసెనగ ఉండలు. చిత్తూరు బెల్లం, మా మెట్ట నేలల వేరుసెనగ. పాకం సరిగ్గా పడితే ఆ ఉండకు డబ్బా కూడా అక్కర్లేదు.

తిరుపతిలో ఇల్లంటే సగం సత్రమే. కొండకు వచ్చే చుట్టాలందరూ ఒక రాత్రి మా ఇంట్లో దిగేవారు. ఊరకే రారు కదా, చేతిలో ఏదో ఒక డబ్బా ఉండేది. గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్లు తాటాకు బుట్టలో పూతరేకులు తెచ్చేవారు. రేకుకు రేకుకు మధ్య కాగితం, పైన ఉత్త తాటాకు ముక్కలు కుక్కి. కడప పిన్నమ్మ హార్లిక్స్ సీసాలో కారం బూందీ తెచ్చేది, మూతకు పాత చీర ముక్క కట్టి. తాటిచెట్టు బొమ్మ ఉన్న డాల్డా డబ్బాలు సరేసరి. వెళ్లేటప్పుడు వాళ్లకు లడ్డూ ప్రసాదం ఇచ్చి పంపేవాళ్లం. డబ్బాలు చాలామటుకు మా దగ్గరే ఉండిపోయేవి. నాయన అన్నిటినీ విప్పేటప్పుడు జాగ్రత్తగా చూసేవాడు, ఏది ఎక్కడ విరిగింది, ఏది విరగలేదు అని. మా ఇంటి కట్టుబడిలో సగం అలా చూసి నేర్చుకున్నదే.

గాజు సీసాలు దొరికితే అమ్మకు పండగే. కానీ ఊరగాయ వాసన పోదు. వేన్నీళ్లు, బూడిదతో తోమి, రెండు రోజులు ఎండబెట్టి, లోపల గుప్పెడు బియ్యం పోసి మూతపెట్టి ఉంచేది. ఆ బియ్యం వాసన చూసి, ఇంకా ఆవకాయ తగిలితే మళ్లీ మొదటికి. సీసా మీది కాగితాన్ని నానబెట్టి ఊడదీసి, మిగిలిన జిగటకు కాస్త వంటనూనె రాసి బూడిదతో రుద్దితే శుభ్రంగా పోతుంది. మూతల సంగతే కష్టం, ప్లాస్టిక్కు పట్టిన వాసన దేనికీ లొంగదు. అలాంటి వాటిలో కారపు వంటలే పెట్టేది.

అన్నిటికంటే పెద్ద పరీక్ష మా పెద్దన్నకు పంపే పార్సెలు. అన్నకు భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది. అక్కడికి పోస్టులో మురుకులు పంపాలి, అవి మురుకులుగానే చేరాలి. పార్సెలును దారిలో ఎన్నిసార్లు ఎత్తివేస్తారో నాయనకు తెలుసు. డబ్బాలో మురుకులు పేర్చాక సందుల్లో ఏం కుక్కాలి? కాగితం ఉండలు కుక్కితే బరువు, తవుడు పోస్తే మురుకులకు అంటుతుంది. అమ్మే తేల్చింది. బొరుగులు! బరువు లేదు, ఖర్చు లేదు, ప్రతి సందులోనూ ఒదుగుతాయి, తేమ ఏదైనా ఉంటే ముందు అవే పీల్చుకుంటాయి. అడుగున ఒక వరస, చుట్టూ, పైన మూత బిగిసేదాకా బొరుగులు. తర్వాత డబ్బాకు నాయన పాత పంచె ముక్క తొడిగి, దబ్బనంతో కుట్టి, సిరాతో చిరునామా రాసేవాడు. అక్షరాలు మాత్రం అచ్చు గుద్దినట్టు ఉండేవి. కుట్ల మీద అక్కడక్కడా లక్క కరిగించి సీలు వేసేవాడు. పోస్టాఫీసు బల్ల మీద దాన్ని తూచేటప్పుడు ఆయన ముఖం చూడాలి, పరీక్షా ఫలితాల కోసం నిలబడినట్టు ఉండేవాడు. అన్న జవాబు కార్డులో ఎప్పుడూ ఒకే మాట ఉండేది: మురుకులు బాగున్నాయి, బొరుగుల్లోకి ఉల్లిపాయా పచ్చిమిరపకాయా కోసుకుని మిత్రులందరం తిన్నాం.

తర్వాత పాలిథీన్ సంచులు వచ్చాయి. మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ అదే విద్య నేర్చారు: సంచి మూతిని రంపపు బ్లేడు మీదుగా మడిచి, కొవ్వొత్తి మంటను అంచు వెంట నడిపిస్తే అతుక్కుపోతుంది. నిజం చెప్పాలంటే మురుకులకు అంత మంచి రక్షణ ఇంకేదీ లేదు. తేమ చొరదు, వారాలు నిలుస్తాయి. నాయన కూడా ఒప్పుకున్నాడు. కానీ ఆయనకు ఆ పనిలో చేయడానికేమీ మిగల్లేదు. అదే కాలంలో ప్రెస్సులోకి ఆఫ్‌సెట్టు, కంప్యూటరు వచ్చాయి. సీసపు అక్షరాలు తూకానికి పోయాయి.

ఇప్పుడు గాలి మళ్లీ అటు తిరిగింది. కొండ మీద లడ్డూలకు 2021 ఆగస్టులో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో రూపొందించిన, మట్టిలో కలిసిపోయే సంచులు వచ్చాయి. 2022 జులై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్కులు కొన్నింటిని నిషేధించారు. మిఠాయి పెట్టెల మీద, ఆహ్వాన పత్రికల మీద చుట్టే పలుచటి ప్లాస్టిక్ పొర కూడా ఆ జాబితాలో ఉంది. దాంతో బజారు ఊరుకుంటుందా? కిటికీ ఉన్న అట్టపెట్టెలు, జరీ తాళ్లు, లోపల గళ్లు. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి కిందటి దీపావళికి తన ఆఫీసువాళ్ల కోసం అలాంటివి కొనుక్కొచ్చి, "ఇందులో పెట్టివ్వమ్మా" అంది. ఒక్కో గడిలో ఒక్కో అత్తిరసం పట్టింది. లెక్కవేస్తే లోపలి సరుకు కంటే పెట్టెకే ఎక్కువైంది. అంత పెట్టె చూశాక పుచ్చుకున్నవాళ్లు ఊరుకుంటారా, వాళ్లూ అంతకు తగ్గ పెట్టె తేవాలి. మళ్లీ స్టీలు గిన్నె దగ్గరికే వచ్చామని అమ్మాయితో అన్నాను. దానికి గిన్నె కథ తెలియదు, కూర్చోబెట్టి చెప్పాను.

ఈ ఏడు పాత పద్ధతే అని ఇద్దరం ఒప్పందానికి వచ్చాం. గాజు సీసాలు ఏడాదిగా కూడబెట్టాను. మూతలకు కట్టడానికి మా దర్జీ జాకెట్టు గుడ్డ ముక్కలు ఉచితంగా ఇచ్చాడు. అరటాకు దొరుకుతుంది, నార పూల అంగళ్లలో అడిగితే ఇస్తారు. అట్టకే కరువు. శుభలేఖలన్నీ ఫోనులోకి వస్తున్నాయి. చేతికి వచ్చిన ఒకటీ అరా మఖమలు గుడ్డతో, రాలిపోయే మెరుపు పొడితో ఉన్నాయి, అది తిండి దగ్గర పెట్టేది కాదు. చివరికి ఒక ఆఫ్‌సెట్టు ప్రెస్సుకు వెళ్లి కత్తిరింపు ముక్కలు కావాలన్నాను. అక్కడి కుర్రవాడు నన్ను ఎగాదిగా చూసి, "ఊరకే ఇవ్వంలే అమ్మా, కిలో లెక్క" అన్నాడు. తూచాడు. నేను సంచిలో చెయ్యిపెట్టి కలియబెట్టి, సగం తవుడులా ఉందే, జానెడు ముక్కలు ఎక్కడున్నాయని అడిగాను. లోపలికి వెళ్లి మంచి పసుపు అట్ట ముక్కలు దోసెడు తెచ్చి వేశాడు. వాటిని తూకం వేయలేదు.